కాకి దూరం



ఈవేళ మీతో ఒక ఇంగ్లీషు మాట గురించి ముచ్చటిద్దామని వచ్చాను. "పదో తరగతి చదివినావిడ మనకి ఇంగ్లీషు పాఠం చెప్పొచ్చిందా!" అని నవ్వుకోకండి. పాఠం చెప్పే చదువు నాకు లేదని నాకూ తెలుసు. అయితే ఈ ఒక్క మాటకి మాత్రం నేను పాతబాకీ పడి ఉన్నాను. అది మీ దగ్గర చెప్పుకోవాలనే ఈ ప్రసంగం.

పోయిన వారం సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉండగా, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్‌బుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో చతికిలబడింది. బళ్ళో ఐదు జాతీయాలు ఇచ్చి, ఒక్కొక్కదాన్నీ సొంత వాక్యంలో వాడుకు రమ్మన్నారట. నాలుగు ముగించింది. ఐదోదాని దగ్గర బండి ఆగింది. ఆ ఐదోది 'ఏజ్ ది క్రో ఫ్లైస్'.

"కాకి ఎగిరినట్టు అని అర్థం, అంతేగా అమ్మా?" అంది.

"ఏదీ, ఏం రాశావో చదువు" అన్నాను.

అది రాసినదాన్ని తెలుగులో చెబితే ఇదీ: "ఆఖరి గంట కొట్టగానే మా లెక్కల మాస్టారు కాకి ఎగిరినట్టు ఇంటికి వెళ్ళిపోతారు."

పొయ్యి మీద పోపు మాడిపోయేంత నవ్వొచ్చింది నాకు. ఆ మాస్టారిని చూసినదాన్ని గనక వర్ణన బాగానే కుదిరిందనిపించింది కూడానూ. కానీ తప్పు తప్పే కదా.

ఈ మాటకి వేగంతో పని లేదు. దూరంతోనే పని. రెండు చోట్ల మధ్య గీత గీసినట్టు తిన్నగా కొలిస్తే ఎంత వస్తుందో, ఆ దూరం చెప్పేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఈ మాట తగిలిస్తారు. రోడ్డు మలుపులు, కొండలు, కాలవలు, ప్రహరీ గోడలు, ఇవేవీ లెక్కలోకి రావు. కాకికి ఇవన్నీ అడ్డేమిటి గనక!

విజయవాడ నుంచి విశాఖపట్నానికి రైలు పట్టాల వెంట 350 కిలోమీటర్లు. అదే పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే మూడు వందల పైచిలుకు మాత్రమే వస్తుంది. ఆ రెండో అంకె పక్కన పెట్టాల్సిన మాట ఇది. ఇంకా బాగా తెలియాలంటే తిరుమల కొండ తలుచుకోండి. అలిపిరి నుంచి మెట్లదారిన నడిస్తే సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. బస్సెక్కి ఘాట్ రోడ్డున పోతే దానికి దాదాపు రెట్టింపు. అలిపిరిలో కూర్చున్న కాకి రెక్క విప్పి తిన్నగా పైకి పోయిందనుకోండి, ఈ రెండింటికన్నా తక్కువే దానికి. కొండ ఒకటే, స్వామి ఒక్కడే, దూరాలు మాత్రం మూడు.

వాడకంలో ఒక మెలిక ఉంది. ఈ మాట మామూలుగా ఒంటిగా నిలబడదు. ఇన్ని మైళ్ళనో, ఇన్ని కిలోమీటర్లనో ఒక అంకె తరచు దాని పక్కన ఉంటుంది. చాలాసార్లు వెనకాలే 'బట్ బై రోడ్' అని ఒక తోక కూడా వస్తుంది. కాకి దారిన ఐదు మైళ్ళే, కానీ రోడ్డున పోతే పన్నెండు, అన్నమాట. ఆ 'కానీ' కోసమే ఈ మాట పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. వట్టి దూరం చెప్పడానికైతే కాకి ఎందుకు మధ్యలో?

మా అమ్మాయి చెప్పిన మాస్టారికి సరిపోయే మాట వేరే ఉంది. 'బీ లైన్' అంటారు. తేనెటీగ పువ్వు మీద నుంచి తుట్టెకి తిన్నగా చేరుతుందని ఆ పేరు. మనిషి ఇటూ అటూ చూడకుండా ఒకదానికేసి నేరుగా పోతే ఆ మాట వాడతారు. తాళి కట్టీ కట్టకముందే భోజనాల బంతికేసి నడిచే చుట్టాలు మనందరికీ ఉన్నారుగా, వారు చేసేది బీ లైన్. కాకి దూరాన్ని చెబుతుంది, తేనెటీగ మనిషిని చెబుతుంది.

కాకినే ఎందుకు పట్టుకున్నారు అంటారా? పూర్వం ఓడవాళ్ళు పంజరాల్లో కాకుల్ని పెట్టుకుపోయేవారనీ, తీరం కనపడనప్పుడు ఒకదాన్ని వదిలితే అది తిన్నగా నేల వైపు ఎగిరేదనీ ఒక కథ చెబుతారు. కథ బాగుంది గానీ దానికి గట్టి ఆధారాలు లేవు. పద్దెనిమిదో శతాబ్దం నాటికే ఈ మాట ఇంగ్లీషు రాతల్లో ఉంది. డికెన్స్ గారి ఆలివర్ ట్విస్ట్ నవలలో దొంగలు పొలాలకి అడ్డంపడి పారిపోయిన సంగతి చెప్పేచోట కూడా వస్తుంది. ఫ్రెంచివారు కాకి పేరెత్తరు, ఉత్త పక్షి అంటారు. జర్మనులకి పక్షి కూడా అక్కర్లేదు, 'గాలి గీత' అని సరిపెట్టుకుంటారు.

తమాషా ఏమిటంటే, కాకి అసలు తిన్నగా ఎగరదు! ఈ సంగతి ఇంగ్లీషు పండితులకన్నా డాబా మీద వడియాలు పెట్టే మనకే బాగా తెలుసు. నీళ్ళ ట్యాంకు మీంచి పిట్టగోడ మీదికి, అక్కణ్ణుంచి కరెంటు తీగ మీదికి, మనం కర్ర ఎత్తితే కొబ్బరిమట్ట మీదికి, మనం కాస్త కునుకు తీస్తే వడియాల మీదికి. దాని దారి కన్నా ఘాట్ రోడ్డు నయం.

మన తాతముత్తాతల కొలతలన్నీ మనిషి ఒంటి నుంచి పుట్టినవి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. దూరం పెరిగితే కూతవేటు, ఇంకా పెరిగితే కోసు, ఆమడ. ఎంతసేపూ నడిచే మనిషి, పిలిచే మనిషి. వీటిలో కూతవేటు ఒక్కటే కాకి దూరానికి చుట్టం. కాలవ ఇవతల నిలబడి మా నాయనమ్మ "ఒరేయ్!" అని కేకేస్తే అవతలి గట్టున పాలేరు పలికేవాడు. ఆ కేక వంతెన వెతుక్కుంటూ చుట్టూ తిరిగి పోలేదు కదా! ఆ మాటకొస్తే ఇప్పుడు నా గొంతు మీ వంటింటికి వస్తున్నదీ కాకి దారినే. గొంతు కూడా కాకిదే అంటారేమో, దయచేసి అనకండి.

మనకి పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. మన దేశంలో చట్టం కూడా మామూలుగా కాకి లెక్కే వేస్తుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమని ఒకటుంది. అందులో పదకొండో సెక్షను చెప్పేదేమిటంటే, కేంద్ర చట్టాల్లో ఎక్కడైనా ఇంత దూరమని ఉండి, వేరే ఉద్దేశం కనబడకపోతే, ఆ దూరాన్ని సమతలం మీద తిన్నని గీతగా కొలవాలట. మరి పిల్లల బడి సంగతికి వచ్చేసరికి మాత్రం ప్రభుత్వంవారు కాకిని పక్కన పెట్టారు. విద్యాహక్కు చట్టం కింద 2010లో చేసిన కేంద్ర నియమాల్లో, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి నడక దూరంలో, కిలోమీటరు లోపల బడి ఉండాలన్నారు. ఆరు నుంచి ఎనిమిది వరకూ మూడు కిలోమీటర్లు. కొండచరియలు, వరదలు, దారి లేకపోవడం లాంటి ప్రమాదాలున్న చోట ఆ హద్దు ఇంకా తగ్గించమన్నారు. ఆ నియమం రాసినవారెవరో గానీ, చంటిపిల్లని చెయ్యి పట్టుకుని బడికి నడిపించిన అనుభవం ఉన్నవారే అయి ఉంటారు.

ఇదే నడక దూరాన్ని అడ్డం పెట్టుకుని ఆటాడినవారూ ఉన్నారు. జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. 2017లో కేరళలో ఒక బారువారు ఏం చేశారో తెలుసా? బారుని జరపలేదు. గేటు నుంచి తలుపు దాకా మన పిల్లలు ఆడుకునే పద్మవ్యూహంలా మెలికల దారి ఒకటి కట్టారు. కాకికి బారు ఉన్నచోటే ఉంది. తాగేవాడికి మాత్రం దూరం పెరిగింది! ఈ వార్త చదివి మావారు పకపకా నవ్వారు. నాకైతే, తిరిగొచ్చేటప్పుడు ఆ మెలికల్లో వాళ్ళ గతేమిటా అని బెంగ పట్టుకుంది.

నవ్వుకోవడం సరే. మా పక్కింటి పిన్నిగారు కొత్త ఫ్లాటు కొన్నారు. రైలు స్టేషను 800 మీటర్లని కాగితం మీద అచ్చువేసి ఇచ్చారట. అబద్ధమనడానికి లేదు. బాల్కనీలో నిలబడితే ప్లాట్‌ఫారం మీద జనం కనబడతారు. మధ్యలో పట్టాలున్నాయి, గోడ ఉంది. గేటు చుట్టి పోయేసరికి మూడు కిలోమీటర్లకి ఆటో. ఆవిడ ఆ అమ్మినవాణ్ణి ఇప్పటికీ తిడుతూ ఉంటారు. నేను ఊఁ కొట్టి ఊరుకుంటాను. ఎందుకంటే ఆ అమ్మినవాడు చేసిన పని ఒకప్పుడు నేనూ చేశాను. అదే నా బాకీ.

గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోతుందని మీకు తెలుసు. గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు, నడుమ కోనసీమ. నీళ్ళ మధ్య ఊళ్ళు గనక ఎదురొడ్డు ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది. రాజమండ్రి, కొవ్వూరు చూడండి. ఒకదాని దీపాలు ఇంకోదానికి కనబడతాయి. అయినా అక్కడ రైలుకి వంతెన 1900లోనూ, మోటార్లు పోయే వంతెన 1974లోనూ వచ్చాయి. మధ్య డెబ్బై నాలుగేళ్ళూ కాకికీ రైలుకీ ఉన్న దారి బస్సుకి లేదు.

మా పుట్టిల్లు వశిష్ఠకి అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి రేవుకి దగ్గర. నన్నిచ్చింది ఇవతలి ఒడ్డున నర్సాపురం. నడుమ నది కిలోమీటరుకి అటో ఇటో ఉంటుంది. పగటిపూట పంటు ఎక్కితే పావుగంట. పండగనాడు మా అమ్మ వండిన గారెలు తమ్ముడు క్యారేజీలో పెట్టి తెస్తే, మా ఇంటికొచ్చేసరికి ఇంకా వేడిగా ఉండేవి. మా డాబా ఎక్కితే అవతలి కొబ్బరితోటలు కనిపించేవి. కొత్తలో బెంగపెట్టుకుని డాబా మీద నిలబడినప్పుడు మా అత్తగారు, "ఎందుకమ్మా ఏడుపు, నీ పుట్టిల్లు మన పెరట్లోనే ఉన్నట్టుంది" అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. పెరట్లోనే ఉందని.

2013 కార్తీకమాసంలో ఒక రాత్రి పదకొండు దాటాక తమ్ముడి ఫోను వచ్చింది. "అక్కా, అమ్మకి మాట తడబడుతోంది. కుడిచెయ్యి ఎత్తలేకపోతోంది. భోజనాలప్పటి నుంచే ఏదోలా ఉందట, నీరసమనుకుని పడుకుంది. ఎక్కడికి తీసుకెళ్ళను?"

నేను క్షణం ఆలోచించలేదు. "ఎక్కడికో ఏమిట్రా, ఇక్కడికే తీసుకురా. ఎదురుగానే కదా, కిలోమీటరు! నువ్వు రేవుకి వచ్చెయ్, మీ బావగారూ నేనూ ఇటు రేవులో ఉంటాం" అన్నాను.

అంత రాత్రివేళ పంటు ఉండదని నాకు తెలియదా? ఆ రేవులో పెరిగినదాన్ని, తెలుసు. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్ళొచ్చని తెలియదా? అదీ తెలుసు. 108కి ఫోను చెయ్యమనడం చేతకాదా? అవన్నీ తెలిసి కూడా, ఆ నిమిషాన నా కళ్ళముందు ఉన్నది డాబా మీంచి కనబడే ఆ దీపాలే. వాడు చిన్నవాడు, కంగారులో ఉన్నాడు. అక్క చెప్పిందని అమ్మని ఆటోలో వేసుకుని రేవుకి వచ్చాడు.

మేము మాధవాయిపాలెం రేవులో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాం. అవతలి ఒడ్డున ఒక దీపం వచ్చి ఆగింది. అది తమ్ముడి ఆటో. అందులో మా అమ్మ. పిలిస్తే పలుకుతుందనిపించింది. పంటు కట్టేసి ఉంది. వాడు పడవ కోసం ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టాడు. గాలి బాగా వేస్తోంది, ఈ చీకట్లో రోగిష్ఠి మనిషిని ఎక్కించుకోలేమన్నారు. వాళ్ళన్నది సబబే. అలా అలా దగ్గర దగ్గర గంట గడిచింది. ఆఖరికి మావారే ఫోనులో గట్టిగా చెప్పారు, "నువ్వింక అక్కడ ఉండకు, కారు మాట్లాడుకుని చించినాడ మీదుగా పాలకొల్లు పో" అని. ఆ దీపం వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

పాలకొల్లులో మేము కలుసుకునేసరికి ఒంటిగంట దాటింది. స్కాన్ తియ్యాలని అక్కణ్ణుంచి భీమవరం పంపారు. అక్కడ డాక్టరుగారు వేసిన మొదటి ప్రశ్న, "ఇది మొదలై ఎంతసేపైంది?" అని. ఆ ప్రశ్న ఎందుకడిగారో తరవాత తెలిసింది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డని కరిగించే మందు లక్షణాలు కనబడిన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. మాకు ఐదు గంటలు దాటిపోయాయి.

ఆ గంట దక్కి ఉంటే మందు ఇచ్చేవారో లేదో, ఇస్తే పనిచేసేదో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

అమ్మ బతికింది. నడుస్తుంది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా పూలజడలు కుట్టింది మా అమ్మే. ఇప్పుడు ఎడంచేత్తో ఉప్మా తింటుంది. మాట కూడా నెమ్మదిగా, ఒక్కొక్కటే వెతుక్కుంటూ వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ రాత్రి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అంచేత మీకు ఒక్కటి మనవి చేస్తాను. మీ ఇంటికి దగ్గర్లో ఉందనుకుంటున్న ఆస్పత్రికి అర్ధరాత్రివేళ ఏ దారిన పోతారో ఒకసారి పగటిపూట పోయి చూసి రండి. మధ్యలో రైల్వే గేటు ఉందా, రాత్రి మూసే కాలనీ గేటు ఉందా, వానొస్తే మునిగే అండర్ బ్రిడ్జి ఉందా? ఆస్పత్రి తెరిచి ఉంటుందా, స్కాన్ ఉందా? ఫోనులో దూరం చూసుకునేవారు ఆ పైన కనబడే అంకె చూసి ఊరుకోకుండా దారి నొక్కి చూడండి. కొన్నింట్లో ముందు చూపించేది కాకి దూరమే. చూసిన ఆ దారి ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచండి. మాట తడబడ్డా, మూతి వంకరపోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా నీరసమని పడుకోబెట్టకండి.

మళ్ళీ మా అమ్మాయి నోట్‌బుక్కు దగ్గరికి వస్తాను. అర్థం చెప్పాక అది మాస్టారి వాక్యం కొట్టేసింది. కాస్సేపు పెన్ను నములుతూ ఆలోచించి కొత్తది రాసింది. "మా అమ్మమ్మగారి ఊరు నర్సాపురానికి ఒక్క కిలోమీటరు, ఏజ్ ది క్రో ఫ్లైస్" అని. పైకి చదివి వినిపించి, "ఇప్పుడు కరెక్టేనా?" అంది.

కరెక్టే. నేను గరిటె పక్కన పెట్టి, "తోక కూడా రాయి" అన్నాను.

'బట్ బై రోడ్' అని రాసి ఆగింది. "ఎన్ని కిలోమీటర్లమ్మా?"

ముప్పై పైమాటే అని నాకు తెలుసు. నోరు మాత్రం రాలేదు. "అమ్మమ్మకి ఫోన్ చేసి అడగవే" అన్నాను.

అది ఫోను స్పీకరులో పెట్టి అడిగింది. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. మాట కూడదీసుకోవడానికి అమ్మకి ఆమాత్రం పడుతుంది.

"నన్నడుగుతావేమే..." అంది అమ్మ, ఒక్కొక్క మాటే. "మీ అమ్మ... నడుగు. దానికి... తెలుసు."